తాళం ఉన్నవాళ్ళే లోపలికి

తియ్యదట. రోజూ పొద్దున్నే నేను తడిగుడ్డ పెట్టి తుడిచే తలుపు, పోయినేడు నేనే దగ్గరుండి రంగు వేయించిన తలుపు, దాని వెనకాల నా కడుపున పుట్టిన పిల్ల నిలబడి తియ్యను పొమ్మంటోంది. అలిగి అన్నా బాగుండును. అలగలేదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూసి, "నువ్వే అమ్మా. తాళం ఉందా?" అని అడిగింది. లేదే, లోపలే ఉండిపోయింది, గాలికి తలుపు పడిపోయింది, తియ్యవే అన్నాను. "అయితే తియ్యను" అని కిసుక్కున నవ్వింది. చేతిలో ఖాళీ చెత్తడబ్బా, కాళ్ళకి ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు, ఒంటి మీద నూనె మరకల బట్టలు, ఫోను లోపల బల్ల మీద, తాళంచెవి లోపల మేకుకి, పొయ్యి మీద గిన్నెలో గుడ్లు. గుడ్లు! చెత్త పారబోసి రావడం ఎంతసేపులే అని మంట పెద్దదిగా పెట్టి వచ్చాను. బుల్లీ, పొయ్యి ముట్టుకోకు, దగ్గరికి కూడా వెళ్ళకు, ముందు తలుపు తియ్యి అని గొంతు చించుకున్నాను. అవతల అడుగుల చప్పుడు దూరమైపోయింది. నా అరుపులకి ఎదురింటావిడ బయటికొచ్చి తలుపు కొట్టింది, బుజ్జగించింది, బెదిరించింది, చివరికి చాక్లెట్ ఇస్తానంది. "తెలియనివాళ్ళ చాక్లెట్ తినకూడదు" అని లోపల్నుంచి జవాబు. ఏళ్ళ తరబడి ఎదురింట్లో ఉంటున్న మనిషి మొహం మాడిపోయింది. ఆవిడ ఫోనులోంచే మా తమ్ముడికి చేశాను, మా రెండో తాళంచెవి వాడి దగ్గరుంటుంది. ఊరికి ఆ చివర టైర్ల షాపు వాడిది, రావడానికి గంట పడుతుందన్నాడు, అని ఊరుకున్నాడా, "మొత్తానికి నీ కూతురు నిన్ను ఇంట్లోంచి గెంటేసిందన్నమాట అక్కా" అని ఒకటే నవ్వు. ఎదురింటావిడకి డ్యూటీ టైమైంది, వెళ్ళిపోయింది. నేను చెత్తడబ్బా పక్కన పెట్టుకుని నా గుమ్మం ముందు మెట్ల మీద కూలబడ్డాను.

ఇదంతా ఆ టీచరు చలవ. బుల్లి వెళ్ళే శిక్షణ కేంద్రంలో ఒక నమూనా ఇల్లుంది, ఒక గది, వంటగట్టు, మంచం, వాషింగ్ మెషీను, ఒక వీధి తలుపు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకి అక్కడ బతకడం నేర్పుతారు, పిల్లలని అలవాటు కొద్దీ అంటున్నాను, మా బుల్లికే ఇరవై ఏడు నిండాయి, వాళ్ళలో ఒకాయనకి బట్టతల కూడా వచ్చింది. దుప్పటి పరవడం, బస్సెక్కి దిగడం, పొయ్యి వెలిగించి ఆర్పడం. ఆ టీచరు పద్ధతే వేరు, ఏ పనైనా చివర్నుంచి మొదలుపెడుతుంది. దుప్పటంతా తను పరిచేసి ఆఖరి మూల మాత్రం వాళ్ళ చేత లాగిస్తుంది, అది వచ్చాక ఇంకో మూల, అలా వెనక్కి వెనక్కి నడిచి మొదటికి చేరుతుంది. ఏమిటమ్మా ఈ తిరకాసు అని అడిగితే, "ఏ రోజు చూసినా పని పూర్తిచేసింది వాళ్ళే అవ్వాలండీ, సగంలో ఓడిపోయిన రోజు ఒక్కటి కూడా ఉండకూడదు" అంది. మాటలకేం, కోటలు దాటతాయి. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే దాన్ని నేను, మొదటి మడత వంకరపోతే ఆఖరి మడతని ఎంత లాగినా సరిపడదని నా చేతులకి తెలుసు, అయినా చదువుకున్న పిల్ల కదా అని ఊరుకున్నాను. తలుపు పాఠం దగ్గర మాత్రం నాకు మింగుడు పడలేదు. తాళం ఉన్నవాళ్ళే లోపలికి, అంతే, ఇంకో మాట లేదు. ఈ పిల్లలు ఎవరు ప్రేమగా పిలిస్తే వాళ్ళకి తీసేస్తారు, ఒక్క తీపి మాట చాలు వీళ్ళని మోసం చెయ్యడానికి, అదీ టీచరు భయం. ఆఖరి పరీక్షకి తల్లుల్ని పిలిచింది. ఒక్కొక్కళ్ళనీ ఆ తలుపు బయట నిలబెట్టి, తాళం మరిచిపోయానని బతిమాలమంది. గొంతులు అనుకరించేవాళ్ళున్నారట, ఫోనుల్లో గొంతులు తయారుచేసే రోజులట, అందుకని అమ్మ అడిగినా తియ్యకూడదట, ఆఖరికి టీచరు అడిగినా. తల్లులు "నాన్నా, నేనేరా" అనడమే ఆలస్యం, అందరూ తలుపులు బార్లా తీసి మెడలు వాటేసుకున్నారు. ఎందుకు తీశావని అడిగితే బట్టతలాయన బోరుమన్నాడు. మా మహారాణి ఒక్కతే తియ్యలేదు. నాకు పంతం వచ్చింది, కాలు బెణికిందన్నాను, వానొస్తోందన్నాను, ఏడ్చాను కూడా, ఉహూఁ. చప్పట్లే చప్పట్లు. బయటికొచ్చి నాటకంలో రాణిలా వంగి దండం పెట్టింది. ఇప్పుడిక్కడ కూర్చుంటే తడుతోంది, అమ్మ దగ్గర నిజంగానే తాళం లేకపోతే ఏం చెయ్యాలో ఆ పిల్లకి ఎవ్వరం చెప్పలేదు. ఇందాక తలుపుకి మూతి ఆనించి చెప్పి చూశాను, అది ఆట, ఇది నిజం అని. లోపల ఆలోచించి మరీ అంది, "అప్పుడూ నువ్వే. అప్పుడూ ఏడ్చావు. అప్పుడూ నిజం అన్నావు." దానికి ఏ లాయరు మాత్రం జవాబు చెప్పగలడు.

మాడు వాసన ఇంకా రాలేదు. ముక్కు అటే పెట్టుకుని కూర్చున్నాను. వచ్చిందంటే ఏం చెయ్యాలి, కింద వాచ్‌మన్‌ని పిలిచి తలుపు బద్దలు కొట్టించడమే, బుల్లి భయపడి మూల నక్కుతుంది, దాని భయం నాకు తెలుసు, చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంది, అలాంటి దాన్ని పట్టుకెళ్ళి వేరే ఇంట్లో పెడతారట. సాయంత్రం టీచరు ఫోన్ చేస్తానంది. చెప్పాల్సిన మాట పొద్దుటినుంచీ నాలిక చివరే పెట్టుకు తిరుగుతున్నాను, మా పిల్లకి ఇంకా ఏమీ రాదండీ, వద్దు, అని. కేంద్రం వాళ్ళు ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఇల్లు తీసుకున్నారు. నలుగురు ఆడపిల్లలు కలిసి ఉంటారు, పగలు ఒకావిడ వచ్చి కనిపెట్టుకుని ఉంటుంది, వాళ్ళ వంట వాళ్ళదే, వాళ్ళ బట్టలు వాళ్ళవే. ముగ్గురు కుదిరారు. నాలుగో మంచం బుల్లి కోసం అట్టేపెట్టారు, అదీ ఈ సాయంత్రం దాకానే, వద్దంటే ఇంకో పిల్లకి వెళ్ళిపోతుంది, మళ్ళీ అలాంటి చోటు ఎప్పటికి దొరుకుతుందో టీచరుకే తెలియదట. తెలియకపోతే మానె. గుడ్డు ఒలుచుకోవడం రాని పిల్లని ఎవరింట్లోనో ఎలా పడేస్తాను? టీచరేమో, అమ్మగారూ, బుల్లి ఇక్కడ మా అందరికీ టీ పెడుతుందండీ అంటుంది. పొయ్యి కట్టేసి, మళ్ళీ ఒకసారి చూసుకుని మరీ వస్తుందట. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటారు, మా పిల్లది తిరగేసిన వరసన్నమాట, మీ దగ్గర పులి, నా దగ్గర పిల్లి అన్నాను. ఇంట్లో ముద్ద నోట్లో పెట్టాలి, జడ వెయ్యాలి, చెప్పుల పట్టీ పెట్టాలి, అన్నిటికీ చేతులు చాపి నిలబడుతుంది, మీ టీ సంగతి మీ కేంద్రం చూడ్డానికి వచ్చే పెద్దమనుషులకి చెప్పుకోండి, నాకు కాదు, అని కూడా అన్నాను, ఆ మాట కాస్త ఎక్కువైంది, టీచరు మొహం ఎర్రబడింది. అబద్ధం ఆడే మనిషిలా మాత్రం లేదు.

నిజానికి బుల్లికి ఒకప్పుడు కొంచెం వచ్చు. నేనే నేర్పాను, ఏ టీచరూ లేని రోజుల్లో, వంటింటి నేల మీద కూర్చోబెట్టి, ఆ పొట్టి వేళ్ళని నా వేళ్ళతో పట్టుకుని, చెప్పుల పట్టీ ఇలా తిప్పి ఇలా దూర్చాలి అని. పట్టీ మొదటిసారి దానంతట అది పెట్టుకున్న రోజున వాళ్ళ నాన్న దాన్ని భుజాన ఎక్కించుకుని ఇల్లంతా తిరిగాడు. ఆయన పోయాక అన్నీ మరిచిపోయింది. ఆయన పోయిన కొత్తలో నాకు ఏమీ గుర్తులేదు, మంచం గుర్తుంది, గోడ గుర్తుంది, ఎవరో అన్నం తెచ్చి పెట్టడం, అదే కంచం మళ్ళీ తీసుకెళ్ళడం గుర్తుంది, తమ్ముడు వచ్చి పిల్ల మొహమైనా చూడు అక్కా అని నెత్తీ నోరూ కొట్టుకోవడం గుర్తుంది. అలాంటప్పుడు బుల్లి చెప్పులు పట్టుకొచ్చింది. రావట్లేదమ్మా అంది. పిల్లకి చేతకాకుండా పోయింది, బెంగతో వచ్చినవి కూడా పోతున్నాయి దేవుడా, ఇంక నేను పడుకుంటే దీన్ని ఎవరు చూస్తారు, అని లేచాను. అదీ నేను లేచిన కథ. డాక్టరు కూడా అదే అన్నాడు, దుఃఖంలో ఇలాంటి పిల్లలు వెనక్కి పోవడం ఉందని. అప్పట్నుంచి ఈ రోజు దాకా పట్టీ నేను పెడుతూనే ఉన్నాను, దువ్వెన నా చేతిలోనే ఉంది, అది లేకపోతే నా పొద్దు ఎలా మొదలవుతుందో కూడా నాకు తెలియదు.

టక్. ఏమిటది? పొయ్యి మీట తిప్పిన చప్పుడు. ఆ చప్పుడు నిద్రలో విన్నా పోలుస్తాను. ముట్టుకుంది, వద్దంటే వినలేదు, ముట్టుకుంది! లేచి వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. వీధి తలుపు ఉన్న గోడకే, వరండాలోకి తెరుచుకునే గాజు రెక్కల కిటికీ అది, ఒక రెక్క విరిగిపోతే నేనే అట్టముక్క దూర్చాను, ఊచలు ఉన్నాయి కనక చెయ్యి పట్టదు కానీ చూపు పడుతుంది. అట్ట పక్కకి లాగి ఒక కన్ను పెట్టాను. మంట లేదు. బుల్లి పొయ్యి ముందు రెండు చేతులూ వెనక కట్టుకుని, మెడ వంచి, మీటనే చూస్తోంది. "కట్టేశాను. చూశాను" అని గట్టిగా అంది, ఎవరితోనో కాదు, తనతోనే. తర్వాత గుడ్డ తీసుకుని రెండు మడతలు వేసి, గిన్నెని రెండు చెవుల దగ్గరా పట్టుకుని, మొహం పక్కకి తిప్పి ఆవిరి తగలకుండా వేడినీళ్ళు సింకులో వంచింది. చన్నీళ్ళు పోసింది, ఆగింది, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారితే మణికట్టుతో పైకి తోసుకుంది. గుడ్డు గట్టుకి మెల్లగా తట్టి, అరచేతిలో దొర్లించి, పెంకు ఒక్క ముక్కలా లాగేసింది. నేను ఒలిస్తే తెల్లసొన సగం పెంకుతో ఊడొస్తుంది. నిలబడి తినలేదు, కంచంలో పెట్టుకుని కుర్చీ జరుపుకుని కూర్చుని తింది, తిని, కంచం తోమి, ఆరబెట్టి, గట్టు తుడిచి, పెంకులు ఏరి కవర్లో వేసింది. చెత్తడబ్బా నా దగ్గరుంది కదా. నేను ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఎవరీ అమ్మాయి? నా వంటింట్లో, నా గిన్నెలతో, ఇంత నిమ్మకు నీరెత్తినట్టు పని చేసుకుంటున్న ఈ మనిషి ఎవరు? నా కూతుర్ని నేను దొంగచాటుగా చూస్తున్నట్టు ఉంది, ఊరి మనిషెవరినో చూస్తున్నట్టు ఉంది, సంతోషమా అంటే సంతోషం ఎక్కడా లేదు, ఎవరో వెనకనుంచి చెంప మీద కొట్టినట్టుంది. తర్వాత బుల్లి దువ్వెన తెచ్చుకుంది. పొద్దున నేను హడావుడిగా వేసిన జడ వదిలిపోయింది, విప్పేసింది, గోడనున్న అద్దంలో చూసుకుంటూ జుట్టు మూడు పాయలు తీసింది. జడ! ఆ పొట్టి వేళ్ళతో, ఒక పాయ జారిపోతే మళ్ళీ మొదటినుంచి, విసుక్కోకుండా, నాలిక కొద్దిగా బయటపెట్టి, అల్లుకుంటూ పోయి చివర రబ్బరు వేసింది. కాస్త వంకరగా వచ్చింది. నేను వేసిన జడ కన్నా బిగువుగా ఉంది.

అప్పుడు నా ఫోను మోగింది, లోపల, బల్ల మీద. టీచరు. సాయంత్రమైపోయిందన్నమాట. బుల్లి చెయ్యి తుడుచుకుని వచ్చి, తెర మీద ఫొటో చూసి నొక్కింది, స్పీకరు కూడా నొక్కింది, దానికి చెవి కాస్త మందం, స్పీకరు లేకపోతే వినపడదు. బుల్లికి మీరు అన్న మాట లేదు, లోకంలో అందరూ నువ్వే.

"హలో. ఇది అమ్మ ఫోను."

"బుల్లీ, నువ్వా? అమ్మకివ్వమ్మా."

"అమ్మ బయట ఉంది. తలుపు పరీక్ష పెడుతోంది. నేను తియ్యలేదు. ఫోను కూడా ఇక్కడే వదిలేసింది. ఈసారి బాగా చేస్తోంది."

"ఏ పరీక్ష? నేనేం పెట్టలేదే. అయ్యో, బుల్లీ, నిజంగానే ఉండిపోయారేమో. తలుపు తియ్యి."

"నువ్వు చెప్పినా తియ్యకూడదు. నువ్వే చెప్పావు."

"అవును, చెప్పాను" అంది టీచరు, పాపం, సన్నగా. నేను కిటికీలోంచి కేకెయ్యబోయాను, టీచరుగారూ నేను ఇక్కడే ఉన్నాను, మా తమ్ముడు వస్తున్నాడు, ఆ ఇంటికి మా పిల్ల రాదు, అని మొత్తం ఒకేసారి చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. ఈలోగా టీచరు, సరే, పొయ్యి కట్టేసి ఉందా, కిటికీ వేసి ఉందా అని అన్నీ అడిగి, "ఇంతకీ ఇంటి సంగతి అమ్మ ఏమంటోంది?" అంది. బుల్లి తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించాననుకుంది, దానికి గొంతు తగ్గించడం రాదు.

"వద్దంటుంది. నాకేం రాదంటుంది."

"మరి నువ్వు చూపించలేదా? జడ, పొయ్యి, అన్నీ అమ్మకి చూపిస్తానని ఒప్పుకున్నావుగా."

"చూపించలేదు."

"ఎందుకమ్మా?"

"నాకొస్తే అమ్మ ఏం చేస్తుంది?"

నేను నోరు మూసుకున్నాను. టీచరుకి అర్థం కాలేదేమో, అంటే ఏమిటని అడిగింది. బుల్లి కుర్చీలో కూర్చుంది, చిన్నపిల్లకి చెప్పినట్టు నిదానంగా చెప్పింది. "నాన్న పోయాక అమ్మ పడుకుంది. తినలేదు. మావయ్య పిలిచాడు, లేవలేదు. నేను పిలిచా, లేవలేదు. అప్పుడు చెప్పులు తీసుకెళ్ళా. రావట్లేదు, పెట్టమ్మా అన్నా. అమ్మ లేచింది. పెట్టింది. నాకు వచ్చు. చిన్నప్పుడే వచ్చు, అమ్మే నేర్పింది. జడ వెయ్యమన్నా, లేచింది. ముద్ద పెట్టమన్నా, పెట్టింది, తనూ తింది." ఆగింది. "టీచర్, ఉన్నావా? అమ్మకి ఒక్కత్తే ఉండడం రాదు. నువ్వు నేర్పుతావా? చివర్నుంచి నేర్పు. చివర్నుంచయితే వస్తుంది." అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "ఏడుస్తున్నావా? ఏడవకు. అమ్మకి చెప్పకు" అంది బుల్లి. మళ్ళీ చేస్తానమ్మా అని టీచరు ఫోను పెట్టేసింది.

మెట్ల దాకా ఎలా వచ్చానో తెలియదు, వచ్చి కూర్చున్నాను. కింద ఎవరో స్కూటరు స్టార్ట్ చేస్తున్నారు, అది అందుకోవడం లేదు, మళ్ళీ తంతున్నారు, మళ్ళీ. చెప్పులు తీసుకెళ్ళిందట. రావట్లేదంటే నేను లేచానట. ఎవరు ఎవర్ని చూసుకున్నట్టు ఇన్నాళ్ళూ? లాండ్రీలో తోటివాళ్ళు ఇల్లు వదలవే అని పిక్నిక్కులకి పిలిస్తే నేను ఎంత గొప్పగా చెప్పేదాన్ని, మీకేమమ్మా, నాకు ఇంటి దగ్గర కంటికి రెప్పలా చూసుకోవాల్సిన పిల్ల ఉంది, అని. ఆ పిల్లేమో ప్రతి పొద్దునా లేచి, ఈ రోజు నాకేం రాకూడదో చూసుకుని, చేతులు చాపి నిలబడేది. ఒక్కనాడు మరిచిపోలేదు. నేను దువ్వెన తెచ్చేదాకా జుట్టు ముట్టుకోలేదు, నేను ఊళ్ళో ఏ పనిలో ఉన్నా, తనకి ఆకలేస్తున్నా, నా కోసం చూస్తూ కూర్చుంది, నేను విసుక్కున్నా పడింది, ఇంత వయసొచ్చినా ఏమీ రాదే నీకు అని నేను నెత్తి మీద మొట్టిన రోజున కూడా, మొట్టించుకుని, రాదమ్మా అంది. నటనా అది? నాటకాల వాళ్ళు కూడా రాత్రికి రంగు కడుక్కుంటారు. డాక్టరు ఏమిటి, నేనేమిటి, ఎంత మందిమి నమ్మాం, తెలివి తక్కువ పిల్లని ముందే అనేసుకున్నాం కదా, ఇంక తెలివి కనపడితే మాత్రం మా కంటికి ఆనుతుందా. నాకు ఏడుపు రాలేదు. నా చేతులు ఒళ్ళో ఉన్నాయి, వాటిని చూశాను, ఇంక వీటికి పనేమిటి అనిపించింది, అచ్చం అదే మాట బుల్లి ఇందాక టీచర్ని అడిగింది.

"అక్కోయ్, బిచ్చమేమన్నా పడిందా?" మా తమ్ముడు, రెండేసి మెట్లు ఎక్కుతూ, చేతులకి టైరు నలుపుతో. వాడి గొంతు లోపలికి వినపడింది. నేను మళ్ళీ కిటికీకి కన్నానించాను, చూడకపోయినా పోయేది. బుల్లి కుర్చీలోంచి లేచింది. కంగారు పడలేదు, ఇది అలవాటైన పనే. జడ రబ్బరు లాగేసింది. వేళ్ళు దూర్చి పాయలు విప్పేసింది, అంత కష్టపడి అల్లిన జడ, ఒక్క విదిలింపుతో చెరిపేసి, జుట్టు మొహం మీదికి వేసుకుంది. ఫోను నేను పెట్టినచోట, అదే వంకరలో పెట్టింది. పెంకుల కవరు అలమర వెనక్కి తోసింది. ఒక్కసారి చుట్టూ చూసుకుని కుర్చీలో కూర్చుని, నోరు కొంచెం తెరిచి, కాళ్ళు వదులుగా వేలాడేసింది. నా కళ్ళ ముందే, ఆ వంటింట్లో పని చేసుకున్న మనిషి మాయమై, నాకు తెలిసిన బుల్లి వచ్చి కూర్చుంది. "ఏమిటక్కా, దెయ్యాన్ని చూసినట్టు ఆ మొహం?" అన్నాడు తమ్ముడు. తాళంచెవి వాడి చేతిలోంచి తీసుకుని తిప్పాను.

"తాళం!" అని చప్పట్లు కొట్టింది బుల్లి. "ఇప్పుడు రా. నేను పాసా?" తమ్ముడు, పాసేంటే కోడలా, ఫస్టు క్లాసు, మీ అమ్మ బిక్కచచ్చిపోయింది అని పకపకా నవ్వాడు. బుల్లి నా మొహం చూసింది. దువ్వెన తీసి నా వైపు చాపి, "జడ వెయ్యమ్మా, రావట్లేదు" అంది. ఎంత ముద్దుగా అంది, ఎంత నమ్మకంగా అంది. నా చెయ్యి దానంతట అదే లేచింది. అందుకోలేదు. గుమ్మం దాటి రెండడుగులు వేసినదాన్ని అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

"లేవలేకపోతున్నానే బుల్లీ" అన్నాను. "నాకు రావట్లేదు. లేపు."

తమ్ముడు ముందుకొస్తే చేత్తో ఆపాను. బుల్లి దువ్వెన బల్ల మీద పెట్టింది. వచ్చి నా ఎదురుగా, కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచకుండా మోకాళ్ళు మడిచింది. "నా చేతులు పట్టుకో. కాళ్ళు లోపలికి పెట్టు. నన్ను చూడు, కింద చూడకు" అంది, ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ మాట్లాడని గొంతుతో. ఇది కూడా నేర్పారా దీనికి, మనుషుల్ని లేపడం? పట్టుకున్నాను. ఎంత బలం ఆ చేతుల్లో. సగం లేపి, ఆగింది. కళ్ళద్దాల్లోంచి నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీకు లేవడం వచ్చు" అంది. "ఊరికే అంటున్నావు."

"వచ్చు" అన్నాను. "నీకూ వచ్చు కదే, అన్నీ."

చేతులు వదల్లేదు. నా భుజం మీదుగా కిటికీ వైపు చూసింది, అట్టముక్క పక్కకి జరిగి ఉంది, దాన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది, నేను ఎక్కడ పడిపోతానో అన్నట్టు పట్టు ఇంకా బిగించింది. ఏమిటర్రా మీ గోల, ఏం జరుగుతోంది అంటున్నాడు తమ్ముడు. నేను పడిపోలేదు. నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను, నిలబడ్డానని తను చూసేదాకా నిలబడ్డాను. అప్పుడు ఫోను మోగింది. పొద్దుటినుంచీ నాలిక మీద పెట్టుకున్న మాట కోసం వెతికితే నోరంతా ఖాళీగా ఉంది. "నువ్వే తియ్యి" అన్నాను. "ఆ ఇంటికి వస్తున్నానని నువ్వే చెప్పు. అమ్మ సరేనందని చెప్పు."

బుల్లి ఒక చేత్తో నన్ను పట్టుకునే రెండో చేత్తో ఫోను అందుకుంది, స్పీకరు నొక్కింది. టీచరు హలో హలో అంటోంది. బుల్లి నన్నే చూస్తోంది, కళ్ళద్దాల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"టీచర్" అంది. "అమ్మకి తెలిసిపోయింది."